వాగ్యు రిబ్‌ఐ ధర రాశారు, మరి కీమా ఎవరు కొంటారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో టెక్సాస్ వాగ్యు పశువుల (మెత్తటి కొవ్వు మాంసానికి పేరుపడ్డ జపాన్ జాతి) మీద వేసిన వ్యాసం చదివాను. అది వచ్చినప్పటి నుంచి నా ఫోన్‌కి తీరిక లేదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు, గుంటూరు నుంచి మా బావమరిది, ఎప్పుడో కాలేజీలో కలిసి చదివి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పలకరించని స్నేహితులు, అందరిదీ ఒకటే ప్రశ్న: "పౌండు యాభై డాలర్లట కదా, ఎద్దుకి ఎంత మిగులుతుంది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక మీకే రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే కోసేయండి, లెక్కలు మాత్రం కోయొద్దు.

నేను ఉత్తర టెక్సాస్‌లో షెర్మన్ దగ్గర ఉంటాను. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, శనివారం పొద్దున ఫార్మర్స్ మార్కెట్లో టెంటు వేసుకుని మేం పెంచిన వాగ్యు మాంసం అమ్ముతాం. అమ్మేది నేను, లెక్కలు మా ఆవిడవి. ఆవిడ ఆ మాంసం తినదు, కానీ ఏ ఫ్రీజర్లో ఏ ప్యాకెట్ ఎన్ని పౌండ్లుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

మీ వ్యాసంలో ఉన్న ధర అబద్ధం కాదు. మంచి రిబ్‌ఐ, అంటే పక్కటెముకల దగ్గరి మెత్తటి ముక్క, పౌండు (అరకిలోకి కాస్త తక్కువ) యాభై డాలర్లకి నేనే అమ్మాను. కానీ ఎద్దు మొత్తం రిబ్‌ఐ కాదు కదండీ. మా దగ్గర సగం వాగ్యు, సగం ఆంగస్ (ఇక్కడ మాంసానికి మామూలుగా పెంచే జాతి) రక్తం ఉన్న ఎద్దు రెండున్నరేళ్లు దాటాక 1,350 పౌండ్లు తూగుతుంది. తల, తోలు, కాళ్లు, పేగులు పోగా కొక్కేనికి వేలాడేది ఓ 830 పౌండ్లు, ఇక్కడ దీన్ని హ్యాంగింగ్ వెయిట్ అంటారు, కోసి ప్యాకెట్లు కట్టేవాడు కూలి లెక్కగట్టేది దీని మీదే. రెండు మూడు వారాలు చల్లగదిలో వేలాడదీస్తే కొంత నీరు పోతుంది, ఎముక తీసి, పైకొవ్వు చెక్కి, ప్యాకెట్లలోకి వచ్చేసరికి చేతికందేది 500 పౌండ్ల చిల్లర. అందులో మీరు రాసిన రిబ్‌ఐ, స్ట్రిప్, టెండర్‌లాయిన్ మూడూ కలిపినా 70 పౌండ్లు దాటడం కష్టం. 200 పౌండ్లకి పైగా ఉండేది కీమా. మిగతాదంతా చక్ (భుజం), రౌండ్ (వెనక తొడ), బ్రిస్కెట్ (రొమ్ము), షార్ట్ రిబ్స్ (పక్కటెముకలు), కూర ముక్కలు. ఆ 70 పౌండ్లు రెండు శనివారాల్లో అయిపోతాయి, మిగిలిన నాలుగొందల పైచిలుకు పౌండ్లు ఫ్రీజర్లో కూర్చుని కరెంటు బిల్లు పెంచుతుంటాయి. ఈ వ్యాపారం నిలబడేదీ పడిపోయేదీ ఆ నాలుగొందల దగ్గరే, మీ వ్యాసంలో దాని గురించి ఒక్క వాక్యం లేదు.

మా కీమా పౌండు 12 డాలర్లు. సూపర్ మార్కెట్లో మామూలు గ్రౌండ్ బీఫ్ 6 డాలర్ల పైమాటే ఇప్పుడు, అయినా మాది దానికి రెట్టింపు. ఆ తేడా ఎందుకివ్వాలో టెంటు ముందు నిలబడ్డ మనిషికి అర నిమిషంలో చెప్పగలగాలి. నేను చెప్పేది ఒకటే: ఈ ప్యాకెట్లో ఉన్నది ఒకే పశువు, అది ఎక్కడ పుట్టిందో ఏం తిన్నదో నాకు తెలుసు, కావాలంటే వచ్చి చూడండి. పెద్ద ఫ్యాక్టరీ కీమాలో ఎన్ని పశువుల మాంసం కలుస్తుందో అమ్మేవాడికే తెలియదు. కొందరు నిజంగానే పిల్లల్ని తీసుకుని మా పొలానికి వస్తారు, దూడల్ని చూసి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. అందులో సగం మంది మళ్లీ కొంటారు.

అసలు ఎవరు ఏం కొంటారనేది పెద్ద చదువు. రిబ్‌ఐ కొనేది ఎక్కువగా తెల్లవాళ్లు, అదీ పుట్టినరోజుకో పెళ్లిరోజుకో. షార్ట్ రిబ్స్ కొరియా వాళ్లు వదలరు. ఆక్స్‌టెయిల్, అంటే తోక, జమైకా వాళ్లకీ నైజీరియా వాళ్లకీ ప్రాణం, పశువుకి ఒకటే తోక కాబట్టి ముందే ఫోన్ చేసి పేరు రాయించుకుంటారు. నాలుక, దవడ మాంసం మెక్సికన్లు, ఎముకలు వియత్నాం వాళ్లు ఫో సూప్‌కి. మలయాళీలు చక్ ముక్కలు తీసుకెళ్లి కొబ్బరి ముక్కలేసి ఫ్రై చేసుకుంటారు, ఒకాయన తెచ్చి రుచి కూడా చూపించాడు, చాలా బాగుంది. బ్రిస్కెట్ గురించి చెప్పక్కర్లేదు, ఇది టెక్సాస్, బార్బెక్యూకి అదే కావాలి. ఇక మనవాళ్లు. పక్కనే ఉన్న తేనె టెంటు దగ్గర కాసేపు నిలబడి, తెలిసినవాళ్లు ఎవరూ లేరని నిర్ధారించుకుని, "అన్నా, మటన్ ఏమైనా పెడతారా?" అని మొదలుపెట్టి చివరికి మూలుగ ఎముకలు కొనుక్కుని వెళ్తారు. తప్పేం లేదు, ఎవరి ఇంటి సంగతి వాళ్లది.

ఇప్పుడు మీ వ్యాసంలో నాకు బాగా కోపం తెప్పించిన రెండు వాక్యాలు. పశువులకి బీరు తాగించి, రోజూ మసాజ్ చేసి పెంచుతారని రాశారు. ఇది ఎన్నేళ్లుగా తిరుగుతున్న కథో! జపాన్‌లో కూడా అది అక్కడక్కడా ఒకరిద్దరు చేసిన పని తప్ప పెంపకం పద్ధతి కాదు. మాంసంలో ఆ తెల్లటి కొవ్వు గీతలు, మార్బ్లింగ్, రావడానికి ప్రధాన కారణం రక్తం, అంటే జాతి, తర్వాత తిండి, తర్వాత ఓపిక. మామూలు అమెరికన్ పశువు ఏడాదిన్నర నుంచి రెండేళ్లలోపు కోతకి వెళ్లిపోతుంది. వాగ్యుని రెండున్నరేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మేపాలి. ఆ అదనపు నెలల గడ్డి, దాణా ఖర్చు, కరువొస్తే ఎండుగడ్డి మోపుల ధర, ఇవన్నీ రైతు జేబులోంచే. 2022 ఎండల్లో ఇక్కడ గడ్డి దొరక్క ఎంతమంది మందలు అమ్ముకున్నారో చూసినవాణ్ణి, అందుకే మసాజ్ మాట వింటే ఒళ్లు మండుతుంది.

రెండోది, మీరు వాగ్యు అన్నా, కోబె అన్నా, ఏ5 అన్నా ఒకటే అన్నట్టు రాశారు. కోబె అంటే జపాన్‌లో హ్యోగో ప్రాంతంలో తజిమా వంశంలో పుట్టి అక్కడే పెరిగి అక్కడి పరీక్ష నెగ్గిన పశువు మాంసం మాత్రమే. ఏ5 అనేది జపాన్ గ్రేడింగ్‌లో పైమెట్టు, అమెరికాలో ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని వేరే ఉంటుంది. అమెరికాకి వాగ్యు రక్తం వచ్చింది 1976లో, నాలుగు ఆబోతులతో మొదలు. 1990ల్లో ఇంకొన్ని నల్లవీ, ఎర్రవీ వచ్చాయి, ఎర్ర జాతి అకౌషి 1994లో టెక్సాస్‌కే చేరింది. ఆ తర్వాత జపాన్ తలుపు మూసేసింది. అందుకే ఇక్కడ అచ్చం జపాన్ వంశావళి ఉన్న ఫుల్‌బ్లడ్ తక్కువ, ఆంగస్ ఆవుల మీద వాగ్యు ఆబోతుని కట్టించిన క్రాస్ ఎక్కువ. మాదీ క్రాసే. మా టెంటు ముందు బోర్డు మీద "50 శాతం వాగ్యు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం. పక్క మార్కెట్లో ఒకరు ఉత్త "వాగ్యు" అని రాసి మాకంటే ఎక్కువ ధరకి అమ్ముతుంటే మా ఆవిడ నన్ను ఓసారి అడిగింది, మనం ఆ అంకె ఎందుకు రాయాలి అని. రాయాలి. ప్యాకెట్ మీది లేబుల్‌కి ప్రభుత్వం ముందు జవాబు చెప్పాలి, అదే హోటల్ మెనూ మీద ఏం రాసుకున్నా ఆ తనిఖీ అక్కడి దాకా పోదు. హోటల్లో పదిహేను డాలర్ల "కోబె బర్గర్" తిని మా దగ్గరికొచ్చి "మీది కోబె కాదా?" అని అడిగేవాళ్లకి సమాధానం చెప్పలేక చస్తున్నాం.

కోత దగ్గరికి వద్దాం, ఎందుకంటే పెట్టుబడి పెట్టాలనుకునేవాళ్లు ఒక్కరూ దీని గురించి అడగరు. పశువు నాదే, పొలం నాదే, కానీ నా ఇష్టం వచ్చినచోట కోయించి ప్యాకెట్ అమ్మడానికి లేదు. 1906 నాటి మాంసం తనిఖీ చట్టం ఇప్పటికీ దీనికి పునాది. ఇన్‌స్పెక్టర్ కళ్ల ముందు కోసి, ముద్ర పడిన మాంసమే మార్కెట్‌కి రావాలి. టెక్సాస్‌కి సొంత తనిఖీ వ్యవస్థ కూడా ఉంది, ఆ ముద్రతో రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు. ఇవి కాక కస్టమ్ కసాయిఖానాలు ఉంటాయి, అక్కడ కోయించుకున్నది ఆ పశువు యజమాని ఇంట్లో తినడానికే, ప్యాకెట్ మీదే "అమ్మకానికి కాదు" అని కొట్టిస్తారు. ఈ తేడా తెలియకుండా మన వాట్సాప్ గ్రూపుల్లో "ఒక ఎద్దు కొని కోయించి పదిమందికి అమ్మేద్దాం" అని ప్లాన్లు వేసేవాళ్లు దయచేసి ఆగండి. బతికున్న పశువులో వాటాలు ముందే కొనుక్కుని పంచుకోవడం వేరు, కోశాక ప్యాకెట్లు అమ్మడం వేరు.

ముద్ర వేసే చిన్న కసాయిఖానాలు చాలా తక్కువ. 2020లో కోవిడ్‌కి పెద్ద ప్లాంట్లు మూతపడినప్పుడు జనం వీటి మీద పడ్డారు, ఏడాది ముందు చెప్తే గానీ తేదీ దొరకని పరిస్థితి వచ్చింది. ఇప్పుడు అంత లేదు కానీ, నేను ఇప్పటికీ దూడకి ఏడాదిన్నర రాకముందే దాని కోత తేదీ రాయించుకుంటాను. మాకు దగ్గర్లో ఒక చోట ప్యాకెట్ల మీద కట్ పేర్లు తారుమారు చేసి పంపించారు, చవక రౌండ్ స్టేక్ మీద ఖరీదైన సర్‌లాయిన్ అని. మొత్తం విప్పి, చూసి, వెనక్కి పంపి మళ్లీ తెచ్చుకునేసరికి ఆ నెల మార్కెట్ పోయింది. ఎవరో చెప్పను, మనుషులు మంచివాళ్లే, పనివాళ్లు దొరకట్లేదు వాళ్లకి.

ఇంత తలనొప్పి ఎందుకు, పశువుల సంతలో అమ్మేసుకోవచ్చు కదా అంటారా? ఈ మాట ఇప్పుడు నిజంగా ఆలోచించాల్సిందే. 2025 జనవరి లెక్క ప్రకారం అమెరికాలో మొత్తం పశువులు 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేవు. దానికి తోడు స్క్రూవార్మ్ (పశువు పుండులో పడి బతికున్న మాంసాన్ని తినే పురుగు) భయంతో 2025లో మెక్సికో నుంచి దూడలు రావడం ఆపేశారు. పాలు మాన్పించిన దూడకే 2025లో ఎన్నడూ లేని ధర పలికింది. ఆ దూడని అమ్మకుండా ఇంకో రెండేళ్లు మేపి వాగ్యు అని అమ్మాలంటే, వదులుకున్న ఆ ధరని కూడా ఖర్చులో వేయాలి. మీ వ్యాసంలో చెప్పిన లాభంలో ఇది లేదు, ఎవరూ వేయరు కూడా.

మరి మేమెందుకు చేస్తున్నాం? 2022లో వైట్ హౌస్ చెప్పిన లెక్క ఒకటుంది. యాభై ఏళ్ల కిందట జనం బీఫ్ మీద ఖర్చుపెట్టే ప్రతి డాలర్లో అరవై సెంట్లకి పైగా రైతుకి చేరేది, 2022 నాటికి చేరేది సుమారు 39 సెంట్లు. దేశంలో దాణా పెట్టి పెంచిన పశువుల్లో 85 శాతం నాలుగు కంపెనీల చేతుల మీదుగా పోతుంది. ఫార్మర్స్ మార్కెట్ టెంటు కింద నాకు ఆ డాలర్ మొత్తం దొరుకుతుంది, నిజమే, కానీ ఆ నాలుగు కంపెనీలు చేసే పనంతా కూడా నేనే చేయాలి: రవాణా, ఫ్రీజర్, లేబుల్, పర్మిట్, ముద్ర ఉన్న తూకం మిషన్, వానలో టెంటు పట్టుకుని నిలబడటం. దానికి కూలి వేసుకుంటే మిగిలేది ఎంత? మా ఆవిడ నవ్వుతుంది. మిగులుతుంది, మా పనికి తగ్గట్టుగా మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతి. డాలస్‌కి ఉత్తరాన ఐదెకరాలు, పదెకరాలు కొనడం మనవాళ్లలో ఈ మధ్య బాగా పెరిగింది. కొన్నాక ఆస్తి పన్ను తగ్గాలంటే వ్యవసాయం చూపించాలి, ఆ "ఏజీ ఎగ్జెంప్షన్" కోసం పక్క రైతు ఆవుల్ని మన కంచెలోకి తోలించుకోవడం మామూలే, చట్టబద్ధమే. ఆ దారిలోనే ఇప్పుడు ఇంకో బేరం బయల్దేరింది, "మీ భూమి, మా వాగ్యు, లాభంలో వాటా" అని. నాకు కూడా పంపారు ఆ రంగుల పీడీఎఫ్. అందులో పశువుకి ఎంత రాబడో రాశారు, 500 పౌండ్లనీ రిబ్‌ఐ ధరతో గుణించారు! పంపినాయనకి ఫోన్ చేసి మూడు అడిగాను: కోత ఎక్కడ, తేదీలు దొరికాయా, కీమా ఎవరు కొంటారు. మూడోదానికి ఆయన "అది సెకండ్ ఫేజ్ సార్" అన్నాడు. మీ పాఠకులు ఎవరైనా డబ్బు పెట్టేముందు ఈ మూడూ అడగండి, సెకండ్ ఫేజ్ అంటే ఫోన్ పెట్టేయండి.

జాతి పశువు ధరనీ మాంసం ధరనీ కలిపేయడం కూడా ఇలాంటిదే. బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవుకి సుమారు 40 కోట్ల రూపాయలని మన పేపర్లన్నీ వేశాయి, మన ఒంగోలు రక్తం అని సంబరపడ్డాం, నేనూ పడ్డాను. అక్కడి నెలోర్ జాతి మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లిందే, 1960ల్లో వెళ్లిన పేరుమోసిన ఆబోతుకి ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే ఉంది. కానీ 2023 వేలంలో అమ్మింది ఆ ఆవులో మూడో వంతు వాటా, దాని మీద మొత్తం విలువ కట్టారు. ఆ ధర దాని పిండాలది (ఎంబ్రియోలు), వంశానిది. కోసి అమ్మితే వచ్చేది కాదు. ఫుల్‌బ్లడ్ వాగ్యు ఆబోతు వేలంలో పలికిన ధర చూపించి మాంసం వ్యాపారంలో డబ్బు పెట్టమంటే నమ్మొద్దు. టెక్సాస్ ఎండకి తట్టుకుంటున్న బ్రాహ్మన్ పశువుల్లో కూడా మన ఒంగోలు రక్తం కొంత ఉందని ఇక్కడి ముసలి రైతులు నాకు చెప్తుంటారు, ఆ మాట విన్నరోజు మాత్రం ఛాతీ కాస్త ఉప్పొంగుతుంది, దాచడం ఎందుకు.

"హిందువై ఉండి ఆవుల్ని అమ్ముతావా" అని మీ వ్యాసం కింద నా పేరు తీసి తిట్టినవాళ్లకి పెద్దగా చెప్పేదేం లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో 1977 చట్టం ఆవుని కోయొద్దంటుంది, ఇక్కడ అలాంటి చట్టం లేదు, నేను ఇక్కడి చట్టానికి లోబడి బతుకుతున్నాను. పల్నాడులో మా ఊళ్లో పెద్దకూర వండుకునే ఇళ్లూ ఉన్నాయి, పేరెత్తితే చెవులు మూసుకునే ఇళ్లూ ఉన్నాయి, మా ఇల్లు రెండో రకం. హైదరాబాద్‌లో పెద్దకూరతో చేసే కళ్యాణి బిర్యానీ తిన్నరోజు మా నాన్నకి ఇంకా తెలియదు, ఈ ఉత్తరం మీరు వేస్తే తెలుస్తుంది.

చివరగా ఒక కోరిక. మీకు అమెరికా వాగ్యు మీద అంత ఆసక్తి ఉంటే, ఇదే ప్రశ్న మన గొర్రెల మీద అడగండి. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు దళారి లేకుండా రైతే అమ్ముకోవాలన్నది ఆలోచన, అక్కడ కూరగాయల రైతుకి ఒక బల్ల దొరికింది. 2017లో తెలంగాణలో గొల్లకుర్మలకి 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన ఇచ్చారు. ఆ గొర్రెలు పెరిగాక ఏమవుతాయి? కాపరి మందని కంటిచూపు అంచనాతో దళారికి అమ్ముతాడు, హైదరాబాద్‌లో ముద్రపడిన మటన్ కిలో ధరకీ ఆయన చేతికొచ్చిన దానికీ ఎంత తేడా ఉందో మీ విలేకరి ఒక్కరోజు తిరిగితే తెలుస్తుంది. చెంగిచర్లలో జాతీయ మాంసం పరిశోధన సంస్థే ఉంది, వాళ్లని అడగండి, జిల్లాకి ఒకటి చొప్పున డాక్టర్ తనిఖీ ఉన్న చిన్న కోత కేంద్రం పెట్టి, కాపరుల సంఘమే తమ పేరుతో లేబుల్ వేసి ప్యాకెట్ అమ్ముకోవడానికి అడ్డేమిటని. నాటుకోడికీ అదే అడగండి. మా టెంటు దగ్గరికొచ్చి "మటన్ పెడతారా అన్నా" అనే మనవాళ్లకి నేను ఆ పేజీ కత్తిరించి చూపిస్తాను.

వ్యాసంతో వేసిన ఫోటోలో తెల్ల మచ్చల నల్ల ఆవు హోల్‌స్టీన్, పాల ఆవు. ఈ ఉత్తరంతో పాటు మా మంద ఫోటో ఒకటి పంపుతున్నాను, సవరణ వేసేటప్పుడు వాడుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
షెర్మన్ దగ్గర, టెక్సాస్